ఓడలు ముంచిన చోటి నుంచి సుంకాల కోట దాకా

కోపెన్‌హాగన్‌లో పొద్దున్నే చిన్న బస్సు ఎక్కితే చీకటి పడేలోగా రెండు రాజకోటలు, వెయ్యేళ్ల నాటి వైకింగ్ ఓడలు చూపించి మళ్లీ నగరంలో దింపే టూర్లు చాలానే ఉన్నాయి. దేశాలు తిరిగిన పర్యాటకులకు వీటి మీద అంత మంచి అభిప్రాయం ఉండదు. దిగితే ఫొటో, ఎక్కితే కునుకు, దీన్ని చూడటం అంటారా అని పెదవి విరుస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ప్రపంచంలో చాలా చోట్ల ఒక్కరోజు టూర్లు సంబంధం లేని వింతల్ని ఒక దారానికి గుచ్చినట్టే ఉంటాయి. కానీ డెన్మార్క్‌లోని జీలండ్ ద్వీపం సంగతి వేరు. అక్కడ చూపించే రోస్కిల్డె, హెల్సింగోర్, హిల్లెరోడ్ మూడూ ఒకే కథలోని ఘట్టాలు. నీటి దారి ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లదే అన్నది ఆ కథ. విడివిడిగా చూసినవాడికి మూడు అందమైన చోట్లు గుర్తుంటాయి. ఒకే రోజున, సరైన వరుసలో, తెలిసిన మనిషి పక్కనుండి చెబుతుంటే చూసినవాడికి ఆ చిన్న దేశం ఉత్తర ఐరోపాను అన్నేళ్లు ఎలా శాసించిందో బోధపడుతుంది. గైడుకు డబ్బిచ్చేది అందుకే అని నా వాదన.

వరుస రోస్కిల్డెతో మొదలుకావాలి. కోపెన్‌హాగన్‌కు పడమరగా 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నేలలోకి పొడుగ్గా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చివర ఉందీ ఊరు. ఇలాంటి పాయల్నే ఫ్యోర్డ్‌లు అంటారు. 11వ శతాబ్దంలో రాజుకూ బిషప్‌కూ కావలసిన పట్టణం, కాబట్టి దోచుకోవాలనుకునేవాళ్లకీ కావలసిన పట్టణమే. ఊరికి ఉత్తరాన దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, స్కుల్డెలెవ్ గ్రామం దగ్గర, ఓడలు నడవగలిగేంత లోతున్న దారి బాగా ఇరుకవుతుంది. 1070 ప్రాంతంలో అక్కడ వాడి వాడి పాతబడిన ఓడల్లో రాళ్లు నింపి నీళ్లలో ముంచేశారు. దారి తెలియని శత్రువు నేరుగా వచ్చి వాటికి తగులుకోవాల్సిందే. తర్వాతి శతాబ్దాల్లో జాలర్లకు ఆ రాళ్ల గుట్ట తెలుసు. అది మధ్యయుగాల్లో డెన్మార్క్‌ను ఏలిన మార్గరేతె రాణి కాలం నాటి ఓడ అని చెప్పుకునేవారు. 1962లో పురావస్తు నిపుణులు ఆ చోటి చుట్టూ ఉక్కు పలకలతో గోడ కట్టి, లోపలి నీరు తోడేసి, నాలుగు నెలల్లో తవ్వకం ముగించారు. వేల చెక్క ముక్కలు బయటపడ్డాయి. మొదట ఆరు ఓడలనుకున్నారు. ముక్కలన్నీ జతచేసి చూస్తే అయిదే. రెండో ఓడ చాలా పొడుగ్గా ఉండటంతో దాని భాగాలనే మరో ఓడగా లెక్కవేశారు. అందుకే ఆ ఓడలకు పెట్టిన అంకెల్లో నాలుగు కనిపించదు.

ఈ అయిదు ఓడల గొప్పదనం వయసులో కంటే వైవిధ్యంలో ఉంది. ఒకటి చేపల వేటకు వాడిన పడవ. ఒకటి తీరం వెంట సరుకు మోసేది, దాదాపు 14 మీటర్లు. ఒకటి నార్వే పడమటి తీరంలో 1030 ప్రాంతంలో కట్టిన సముద్రపు సరుకు ఓడ. 16 మీటర్ల పొడవుతో, 20 టన్నులకు పైగా బరువు మోస్తూ ఐస్‌లాండ్ దాకా పోగలిగేది. ఒకటి చిన్న యుద్ధనౌక, దాని నిండా అతుకులే. అయిదోది 30 మీటర్ల పొడుగు యుద్ధనౌక. 60 తెడ్లు వేయడానికి అరవై డెబ్బై మంది కావాలి. ఓక్ చెక్కలోని వయసు వలయాలను పరిశీలిస్తే, అది 1042లో ఐర్లండ్‌లోని డబ్లిన్ ప్రాంతపు చెట్లతో కట్టినదని తేలింది. అంటే డెన్మార్క్ ఊరిని కాపాడటానికి మునిగిన ఓడ డబ్లిన్‌లో పుట్టింది, దాని పక్కనే మునిగినది నార్వేలో పుట్టింది. నాటి వైకింగ్ ప్రపంచం ఎంత మేర పరుచుకుని ఉండేదో చెప్పడానికి ఈ ఒక్క వాస్తవం చాలు. కానీ ఈ ఓడల్ని ఉంచిన రోస్కిల్డె మ్యూజియంలో ఇదేదీ కంటికి కనిపించదు. ఆ పెద్ద యుద్ధనౌకలో మిగిలింది దాదాపు పాతిక శాతం చెక్కే. మిగతాదంతా ఇనుప చట్రం గీసిన ఆకారం. చెప్పేవాళ్లు లేకపోతే మామూలు సందర్శకుడికి కనిపించేది నల్లబడిన పలకల వరుస మాత్రమే. ఆ ఓడకు నమూనాగా పాత పద్ధతుల్లో, పాత రకం పనిముట్లతో మ్యూజియంవాళ్లు ఒక కొత్త ఓడ కట్టి 2004లో నీళ్లలో దించారు. 2007లో అది తెరచాపతో, తెడ్లతో డబ్లిన్ చేరి, మరుసటేడు తిరిగొచ్చింది. ఈ సంగతి తెలిసి చూసినప్పుడు ఆ పాతిక శాతం చెక్క నిండు ఓడగానే కనిపిస్తుంది.

మంచి గైడును గుర్తుపట్టే పరీక్ష కూడా ఇక్కడే ఉంది. కొమ్ముల టోపీల గురించి ఏం చెబుతాడో వినాలి. వైకింగులు కొమ్ముల శిరస్త్రాణాలు పెట్టుకుని పోరాడినట్టు ఆధారం లేదు. డెన్మార్క్‌లో దొరికిన కొమ్ముల శిరస్త్రాణాలు వాళ్లకు చాలా ముందటి కంచు యుగానివి. వైకింగుల తలకు కొమ్ములు మొలిచింది 19వ శతాబ్దంలో. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలకు కుట్టిన వేషాలు ఆ బొమ్మను లోకమంతా తిప్పాయి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. దోపిడీదారుల్ని ఇంతగా తలకెత్తుకోవడం ఏమిటి అని. న్యాయమైన ప్రశ్నే. మఠాలను కొల్లగొట్టారు, మనుషుల్ని పట్టుకెళ్లి అమ్మారు. ఆ యుద్ధనౌక పుట్టిన డబ్లిన్ నాటి పెద్ద బానిసల సంతల్లో ఒకటి. అయితే దీనికి జవాబు మ్యూజియానికి వెళ్లకపోవడం కాదు. మునిగిన అయిదు ఓడల్లో యుద్ధానివి రెండే. మిగతా మూడూ సరుకువి, చేపలవి. దోచుకున్న చేతులే బేరం కూడా చేశాయి. ఈ రెంటినీ కలిపి చెప్పని గైడు కథ సగమే చెప్పినట్టు.

రోస్కిల్డెలో నీటి దారిని ఓడలు ముంచి మూస్తే, హెల్సింగోర్‌లో దాన్ని తెరిచే ఉంచి డబ్బు వసూలు చేశారు. కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన 45 కిలోమీటర్ల దగ్గర డెన్మార్క్, స్వీడన్ తీరాల మధ్య ఓరెసుండ్ జలసంధి నాలుగు కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. బాల్టిక్ సముద్రపు ధాన్యం, కలప, తారు, జనుము పడమటికి రావాలన్నా, పడమటి ఉప్పు, బట్టలు, సారా తూర్పుకు పోవాలన్నా ప్రధాన దారి ఇదే. 1658లో రోస్కిల్డె సంధితో తూర్పు ఒడ్డును స్వీడన్‌కు వదులుకునే దాకా రెండు ఒడ్లూ డెన్మార్క్‌వే. 1429లో ఎరిక్ రాజు దాటే ప్రతి ఓడకూ సుంకం పెట్టాడు. మన హైవేల మీది టోల్‌గేటు లాంటిదే, కాకపోతే పక్క నుంచి తప్పించుకునే మట్టిదారి లేదు. ఓడ లంగరు వేయాలి, కెప్టెన్ ఒడ్డుకొచ్చి కాగితాలు చూపి డబ్బు కట్టాలి. 1567లో ఓడకు ఇంత అనే పద్ధతి వదిలి సరుకును బట్టి వసూలు మొదలుపెట్టాక ఆదాయం దాదాపు మూడింతలైందంటారు. ఇందులో ఒక గడుసు నిబంధన ఉంది. సరుకు విలువ ఎంతో కెప్టెనే చెప్పాలి, ఆ ధరకే సరుకంతా కొనేసే హక్కు రాజుకు ఉంటుంది. తక్కువ చెబితే సరుకు పోతుంది, ఎక్కువ చెబితే సుంకం పెరుగుతుంది. అబద్ధమాడటం లాభసాటి కాకుండా చేసిన ఇంత సులువైన పన్ను చట్టం చరిత్రలో అరుదు. ఈ డబ్బు రాజు సొంత ఖజానాకు చేరేది. 1574 నుంచి 1585 వరకు రెండో ఫ్రెడరిక్ పాత కోటను పెంచి కట్టించిన క్రోన్‌బోర్గ్ నిలబడింది ఈ సొమ్ము మీదే. నీళ్ల వైపు గురిపెట్టిన ఫిరంగులు అలంకారానికి కాదు. 1497 నుంచి 1857 వరకున్న సుంకపు చిట్టాలు నేటికీ మిగిలాయి. దాదాపు 18 లక్షల ఓడ ప్రయాణాలు వాటిలో నమోదయ్యాయి. ఐరోపా వర్తక చరిత్ర రాసేవాళ్లకు అదొక గని.

అయినా క్రోన్‌బోర్గ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది సుంకం కోసం రారు, హామ్లెట్ కోసం వస్తారు. గైడులకూ అదే తేలిక. షేక్‌స్పియర్ ఆ నాటకం హెల్సింగోర్ కోటలో జరిగినట్టు రాసినా, అక్కడికి వచ్చాడనడానికి ఆధారం లేదు. హామ్లెట్‌కు మూలమైన ఆమ్లెత్ కథను 1200 ప్రాంతంలో సాక్సో అనే డేనిష్ రచయిత లాటిన్‌లో రాశాడు. అందులో ఎక్కువ భాగం జరిగేది డెన్మార్క్ పడమటి భాగమైన జట్లండ్‌లో, ఈ కోటతో దానికి సంబంధమే లేదు. అలాగని హామ్లెట్ ప్రస్తావనంతా పర్యాటకులకు వేసిన వల అనడమూ తొందరపాటే. 1580లలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన నటులు ఇక్కడి రాజ దర్బారులో ప్రదర్శనలిచ్చారు. వాళ్లలో విల్ కెంప్ వంటివారు తర్వాత షేక్‌స్పియర్ నాటక బృందంలో చేరారు. పైగా బాల్టిక్‌కు పోయొచ్చే ఇంగ్లిష్ నావికులందరికీ సుంకం కట్టిన చోటుగా ఈ కోట పేరు కంఠతా వచ్చే ఉంటుంది. లండన్ ప్రేక్షకుడికి చెప్పగానే తెలిసే డేనిష్ కోట ఇది ఒక్కటే అనుకోవచ్చు. అంటే హామ్లెట్ ఇక్కడికి వచ్చింది కూడా సుంకపు దారి మీదుగానే!

ఆ సుంకం ఎలా ఖర్చయిందో హిల్లెరోడ్‌లో కనిపిస్తుంది. సరస్సులోని మూడు చిన్న దీవుల మీద పరుచుకున్న ఫ్రెడరిక్స్‌బోర్గ్‌ను 17వ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో నాలుగో క్రిస్టియన్ కట్టించాడు. ఎర్ర ఇటుక, రాగి కప్పుల శిఖరాలు, ప్రార్థనా మందిరంలో 1610 నాటి ఆర్గన్ వాద్యం. ఈ రాజే 1629 అగ్నిప్రమాదంలో కాలిన క్రోన్‌బోర్గ్‌నూ మళ్లీ నిలబెట్టాడు. చనిపోయాక రోస్కిల్డె కెథడ్రల్‌లోనే సమాధి అయ్యాడు. మూడు చోట్లనూ కలిపే మనిషి కావాలంటే ఇంతకంటే తగినవాడు దొరకడు. ఫ్రెడరిక్స్‌బోర్గ్ మీద ఒక అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. 1859 డిసెంబరులో అది కాలిపోయింది, సరస్సు గడ్డకట్టి ఉండటంతో నీళ్లు తోడటమే కష్టమైంది, కాబట్టి ఇప్పుడు చూసే గదుల్లో చాలావరకు 19వ శతాబ్దపు పునర్నిర్మాణమే అంటారు. నిజమే. ప్రార్థనా మందిరం మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కాల్స్‌బర్గ్ బీరు సంస్థను స్థాపించిన జాకబ్‌సన్ దన్నుతో ఆ కోట 1878లో జాతీయ చరిత్ర మ్యూజియం అయింది. దాని ముంగిట ఉన్న నెప్ట్యూన్ ఫౌంటెన్ కూడా నకలే. అసలు విగ్రహాలను 1659లో స్వీడిష్ సైన్యం ఎత్తుకుపోయింది, అవి నేటికీ స్టాక్‌హోమ్ దగ్గర ఉన్నాయి. సముద్ర దేవుడి విగ్రహాన్ని తన ముంగిట నిలిపి బాల్టిక్ నాదేనని చాటుకున్న రాజు కొడుకు హయాంలోనే ఆ దేవుడు శత్రువు చేత చిక్కాడు. అసలు విగ్రహం అక్కడే ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

ఈ నాలుగో క్రిస్టియన్‌తో తెలుగువాళ్లకు ఒక ముడి ఉంది. అతను 1616లో అనుమతి ఇచ్చిన డేనిష్ ఈస్టిండియా కంపెనీ ఓడలు 1620లో తంజావూరు తీరం చేరాయి. అప్పుడక్కడ ఏలుతున్నది రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, చేమకూర వేంకటకవిని పోషించిన రాజు. ఆ ఏడాది కుదిరిన ఒప్పందంతో తరంగంబాడిలో డేనిష్ కోట డాన్స్‌బోర్గ్ లేచింది. రఘునాథుడు క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద తమిళంలో రాయించి పంపిన లేఖ డెన్మార్క్‌లో భద్రంగా ఉంది. మచిలీపట్నంలోనూ డేన్‌లు కొన్నాళ్లు వర్తక స్థావరం నడిపారు. తరంగంబాడి చివరకు 1845లో ఆంగ్లేయులకు అమ్ముడుపోయింది. టూరు గైడులు ఈ ముక్క చెప్పరు. అడిగితే బహుశా సంతోషిస్తారు.

ఇక మిగిలింది ఖర్చు గురించిన వాదన. మూడు ఊళ్లకూ రైళ్లున్నాయి, టికెట్లు కొనుక్కుని మనమే వెళ్లొచ్చు కదా అంటారు. రెండు రోజులున్నవాళ్లకు అదే మంచిది, సందేహం లేదు. హెల్సింగోర్ నుంచి హిల్లెరోడ్‌కు నేరుగా లోకల్ రైలు ఉంది, ఆ రెండు కోటలూ ఒక రోజు. రోస్కిల్డె వేరే దిక్కు, కెథడ్రల్‌తో కలిపి దానికో రోజు. చిక్కల్లా ఒక్క రోజే చేతిలో ఉన్నవాడికి. మూడింటినీ రైళ్ల మీద చుట్టబోతే ప్లాట్‌ఫారాల మీదే సగం వెలుతురు పోతుంది. కుటుంబంతో అంత దూరం వెళ్లి, మళ్లీ వస్తామో రామో తెలియనివాళ్లు బస్సు టూరు ఎంచుకుంటే తప్పుబట్టాల్సిన పని లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే మరీనూ. అయితే క్రోన్‌బోర్గ్ మెట్లు, నేలమాళిగలు వాళ్లకు కష్టమే. అక్కడ వాళ్లు ఫిరంగుల పక్కన కూర్చుని జలసంధిలో పోయే ఓడల్ని చూసినా నష్టపోయేదేమీ లేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు టూరు సంస్థను కొన్ని సంగతులు అడగండి. ధరలో కోటల లోపలికి వెళ్లే టికెట్లు కలిసి ఉన్నాయా, లేక బయటి నుంచి చూపించి తిప్పేస్తారా? ఓడల మ్యూజియంలో కనీసం గంటన్నర ఇస్తారా? గైడు లోపలికి వెంట వస్తాడా, గేటు దగ్గర వదిలేసి టీ తాగడానికి పోతాడా? చలికాలంలో తెరిచి ఉండే వేళలు తగ్గుతాయి, కొన్ని చోట్లకు వారంలో సెలవు కూడా ఉంటుంది, నాలుగు దాటకముందే చీకటి పడుతుంది. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు తేదీ చూసుకుని మరీ అడగాలి. ఇవన్నీ కుదిరి వరుస మాత్రం తలకిందులుగా, కోటలు ముందు, ఓడలు చివర అని ఉంటే ఒప్పుకోవచ్చు. మూడింటిలో ఓడలనే వదిలేసే టూరైతే మాత్రం వద్దనండి.