ఎనిమిది నొక్కుల చేతికర్ర

వ్యాసమహర్షి చెబుతూ ఉంటే వినాయకుడు భారతం వ్రాశాడని మన పెద్దలు చెబుతారు. అంతటి వ్రాయసగాడు దొరికితే చెప్పేవాడికి చింతేముంది? కాని అందరికీ వినాయకుడు దొరుకుతాడా! జహీరాబాదులో మా కాలేజీలో బి.ఏ. చేరిన ఒక కుర్రవాడికి మాత్రం దొరకలేదు.

ఏడవ యేట జబ్బు చేసి అతనికి చూపు పోయింది. ఆ తరువాత చదువంతా చెవితోనే సాగింది. వాళ్ళ అక్క పాఠాలు చదివి వినిపించేది. ఇతడు రెండు సార్లు వింటే అప్పజెప్పేవాడు. పరీక్షలకు మాత్రం ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుని, అతను చెప్పినది కాగితం మీద పెట్టాలి. ఒకసారి క్లాసు పరీక్ష పేపర్లు దిద్దుతూ "బక్తి", "పల్లాదుడు" అని వ్రాసి ఉన్న కాగితం చూచి, పేరైనా చూడకుండా విసుక్కుంటూ మార్కులు కోశాను. మరునాడు పిలిచి మందలించబోయాను.

"నేను భక్తి అనే చెప్పిన సార్. ఆయన ఏం రాసిండో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై యేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. తను చెప్పిన మాట కాగితం మీద ఏ రూపంలో పడిందో తెలియని విద్యార్థి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ రాత్రి మా టైపు మాస్టారు గుర్తుకు వచ్చారు. ఇంటర్మీడియెట్ సెలవుల్లో నేను కూడా అందరిలాగే ఇన్‌స్టిట్యూట్‌లో చేరి "లోయరు" కట్టాను. నిమిషానికి ముప్ఫై మాటలు కొట్టాలి. మాస్టారు మిషను మీద ఒక అట్టపెట్టె బోర్లించి, దాని క్రింద చేతులు దూర్చి కొట్టమనేవారు. నేను అట్ట ఎత్తి దొంగచూపులు చూచేవాణ్ణి. వ్రేళ్ళ మీద స్కేలు పడేది. మీటలు చూడకుండా కొట్టడమే ఆ విద్య అయినప్పుడు, చూపులేనివాడికి అది ఎందుకు రాకూడదు?

తీరా విచారిస్తే ఈ ఊహ నాకంటే రెండు వందల యేళ్ళు ముందే ఇటలీ దేశంలో ఒకరికి వచ్చింది. పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపులేని కరోలినా ఫాంతోనీ అనే ప్రభ్వి కోసం వ్రాసే యంత్రం ఒకటి తయారు చేశాడు. ఆ యంత్రం ఇప్పుడు లేదు. దానిమీద 1808 ప్రాంతంలో ఆమె కొట్టిన ఉత్తరాలు మాత్రం నిలిచి ఉన్నాయి. తన మనసులోని మాట మరొకరికి చెప్పి వ్రాయించుకోవలసిన అవసరం లేకుండా ఉండాలనే ఆ యంత్రం పుట్టిందని చెబుతారు. 1840 ప్రాంతంలో లూయీ బ్రెయిలీ కూడా తనలాగే చూపులేని పియర్ ఫూకోతో కలిసి, కళ్ళున్నవాళ్ళు చదువుకోగల అక్షరాలను చుక్కలతో అచ్చు వేసే మిషను చేశాడు. బ్రెయిలీ లిపి వాళ్ళలో వాళ్ళు చదువుకోవడానికి చాలు. కాని తల్లికి, ఆఫీసరుకు, పంతులుకు వ్రాయాలంటే వాళ్ళు చదివే అక్షరమే కావాలి కదా. హెలెన్ కెల్లర్ కాలేజీ చదువులో టైపు మిషనునే నమ్ముకుంది.

ఇంకో తమాషా. 1874లో బజారుకు వచ్చిన మొదటి రెమింగ్టను మీద కళ్ళున్నవాళ్ళకు కూడా కొట్టినది వెంటనే కనబడేది కాదు. అక్షరం కాగితం అడుగువైపు నుంచి పడేది. 1888లో అమెరికాలో జరిగిన ఒక పోటీలో ఫ్రాంక్ మెగురిన్ అనే ఆయన మీటల వైపు చూడకుండా కొట్టి గెలిచేసరికి, చూడకుండా కొట్టే పద్ధతికి ఊరూరా పేరు వచ్చింది.

అయితే పాత మిషనులో ఒక పెద్ద లోటు ఉంది. వేలు ఒక మీట ప్రక్కకు జరిగితే పుట అంతా పాడయ్యేది. కొట్టినవాడికి ఆ సంగతి తెలిసేది కాదు. అంటే మళ్ళీ ఇంకొకరి కళ్ళు కావాలి. ఆ లోటు తీర్చింది మాట్లాడే కంప్యూటరు. నొక్కిన ప్రతి అక్షరాన్నీ అది పైకి చెబుతుంది. ఇందుకోసం 2006లో మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ఎన్.వి.డి.ఏ. అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. తరువాత జేమ్స్ టే అనే స్నేహితుడు తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. దానికి వెల లేదు. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మాత్రం జలుబు చేసిన రేడియోలా ఉంటుంది!

సాయంత్రం క్లాసులు అయిన తరువాత కాలేజీ కంప్యూటరు గదిలో మొదలుపెట్టాము. మొదటి రోజే నేను పొరపాటు చేశాను. అతని వేలు పట్టుకుని మీట మీద పెట్టబోయాను. "వేలు పట్టకండి సార్. ఏడుందో చెప్పండి, నేనే పోత" అన్నాడు. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు పైకి ఉబ్బి ఉంటాయి. రెండు చూపుడు వ్రేళ్ళకు అవే ఇంటి గడపలు. మా కాలేజీ మీటల బల్ల మీద అవి అరిగిపోయి ఉంటే, ఒక్కొక్క బంక చుక్క పెట్టి ఆరబెట్టాను.

ఇక తెలుగు. ఇక్కడే నేను ఆశ్చర్యపోయాను. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక ఒకటి నిర్ణయించారు. చేసినవాళ్ళెవరోగాని మన వర్ణమాల ఎరిగినవాళ్ళు. గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు. "క" నొక్కితే క. షిఫ్టు పట్టి అదే నొక్కితే ఖ. త మీద థ, చ మీద ఛ, బ మీద భ. గుణింతపు గుర్తును షిఫ్టుతో నొక్కితే దాని అచ్చే వస్తుంది. అక్షరం రూపంతో పనిలేదు. పలికిన వరుసలో నొక్కితే చాలు, వత్తును క్రింద చేర్చే పని కంప్యూటరుదే. చెవితో చదువుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? కన్నడానికీ ఇదే అమరిక. బీదరు ప్రక్కనున్న మా ఊళ్ళో అది చిన్న లాభం కాదు.

ఎఫ్ గీత మీద గుడి, జె గీత మీద ర. ఆ మధ్య వరుస మీదనే వచ్చే మాటలు వెతుకుతూ రెండు రోజులు నిద్రపోలేదంటే నమ్మండి. కత్తి, తేరు, కోరిక... చివరికి ఒకటి దొరికింది. చ, ఏత్వం, త, గుడి, క, ర, పొల్లు, మళ్ళీ ర. ఎనిమిది నొక్కులు. వ్రేళ్ళు వరుస దాటనక్కరలేదు. కంప్యూటరు తన జలుబు గొంతుతో "చేతికర్ర" అన్నది. గోడకు ఆనించి ఉన్న తన కర్ర వైపు తల తిప్పి పకపక నవ్వాడు.

అన్నీ ఇంత సుళువు కాలేదు. అతని చెవికి శ, ష, స మూడూ ఒకటే. "మూడు ఎందుకు సార్, ఒకటి చాలదా?" అని అడిగాడు. ఈ ప్రశ్న కళ్ళున్న పిల్లలూ అడుగుతారు గనుక జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. అది అతనికి నచ్చలేదనుకోండి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చడం మరిచిపోయి అరగంట సేపు అర్థంలేని అక్షరాలు కొట్టిన రోజులున్నాయి. ఒకరోజు మీటల మీద గ్రుద్ది వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు.

"ఇదంతా నేర్చుకుని ఏం చేస్తడు సార్?" అని వాళ్ళ నాన్న అడిగాడు. బందరు దగ్గర సీతారామపురంలో పుట్టుకతో చూపులేకుండా పుట్టి, హైదరాబాదు దేవనార్ పాఠశాలలో చదివి, సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెక్కి, అమెరికా ఎం.ఐ.టి.లో పట్టా పుచ్చుకుని, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించిన శ్రీకాంత్ బొల్లా సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అందరూ అట్ల గారు కదా సార్" అన్నాడు. నిజమే. అంత పెద్ద కబుర్లు చెప్పినందుకు నాకే సిగ్గేసింది. "పరీక్ష తనే వ్రాసుకుంటాడు" అన్నాను. చూపులేనివారు కోరితే కంప్యూటరు మీద పరీక్ష వ్రాయవచ్చునని, గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2013లోనే మార్గదర్శక సూత్రాలు విడుదల చేసింది. మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుగు పంతులును, నాకు మాత్రం తెలుసా?

అయిదో రోజు కుర్రవాడు తనే వచ్చాడు. నాలుగు నెలలకు నిమిషానికి పది, పన్నెండు మాటలు కొట్టసాగాడు. తరువాతి క్లాసు పరీక్షలో "భక్తి" అని తనే వ్రాశాడు. "ప్రహ్లాదుడు" మాత్రం తప్పే. ఈసారి ఆ తప్పు అతనిది గనుక హాయిగా మార్కు కోశాను.

మొన్న సంక్రాంతి ముందు బీదరులో కాపురముంటున్న అక్కకు ఉత్తరం వ్రాసుకుంటానన్నాడు. ఫోను ఉంది కదా అన్నాను. "ఫోన్ల పక్కన అందరూ ఉంటరు సార్" అన్నాడు. గంటన్నర కూర్చుని కొట్టాడు, చెవికి గొట్టాలు పెట్టుకుని. ప్రింటు తీయమన్నాడు. కాగితం బయటికి వస్తుంటే అలవాటు కొద్దీ ఎర్రకలం తీసి మొదటి పంక్తి చూడబోయాను.

"సార్, మీరు చదవకండి."

కాగితం బోర్లించి నాలుగు మడతలు పెట్టి, కవరులో ఉంచి, అంటించి చేతికిచ్చాను. అందులో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలియదు.