అండర్‌వోల్టింగ్ యాప్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయా? ఇంటెల్ మ్యాక్‌లకు మిగిలిన దారులివే

నా ఇంటెల్ మ్యాక్‌బుక్ ప్రో కోసం డబ్బులు పెట్టి కొన్న అండర్‌వోల్టింగ్ యాప్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. డెవలపర్‌కి మెయిల్ పెడితే రిప్లై లేదు. మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ చేశాక యాప్ ఓపెన్ అవుతోంది గానీ వోల్టేజ్ మారట్లేదు. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే చాలు, ఫ్యాన్ హోరు మొదలు. మీదీ ఇదే పరిస్థితైతే, ఇంకో పెయిడ్ యాప్ కొనే ముందు ఇది చదవండి.

అసలు ఆ యాప్ చేసేదేంటి?

క్లాక్ స్పీడ్ తగ్గించకుండా ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్‌ని కాస్త తగ్గించడమే అండర్‌వోల్టింగ్. పవర్ వాడకం వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది. 1.1 వోల్టుల్లో 80 మిల్లీవోల్టులు తగ్గిస్తే వోల్టేజ్ తగ్గేది 7 శాతమే, కానీ లెక్క ప్రకారం పవర్ దాదాపు 14 శాతం తగ్గుతుంది. వేడి తగ్గితే థ్రాట్లింగ్ తగ్గి, స్పీడ్ ఎక్కువసేపు నిలబడుతుంది.

ఫ్రీ టూల్ అయినా, పెయిడ్ యాప్ అయినా రాసేది ప్రాసెసర్‌లోని అదే రిజిస్టర్‌లో. మనం డబ్బులిచ్చింది స్లైడర్లకీ, సపోర్ట్‌కీ. సపోర్ట్ పోయాక ఆ యాప్‌ని ఉంచుకోవద్దు. కెర్నల్ స్థాయిలో పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని పట్టించుకునేవాళ్లు లేకుండా వదిలేయడం రిస్క్.

1. వోల్టేజ్‌షిఫ్ట్

ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్. టెర్మినల్‌లో కమాండ్లు ఇవ్వాలి. హాస్వెల్, ఆ తర్వాతి ఇంటెల్ చిప్‌ల కోసం చేసింది. చిక్కల్లా ఒకటే: మ్యాక్‌ఓఎస్‌లోని సిస్టమ్ ఇంటిగ్రిటీ ప్రొటెక్షన్‌ని సడలించాలి.

పాత యాప్‌ని పూర్తిగా తీసేసి, బ్యాకప్ తీసుకుని మొదలుపెట్టండి. మైనస్ 50తో మొదలుపెట్టి, 10 చొప్పున దిగండి. నా మెషీన్‌లో మైనస్ 80 దగ్గర అంతా బాగుంది, మైనస్ 100కి ఫ్రీజ్ అయింది. మీ చిప్‌కి ఈ అంకెలు వేరేగా ఉంటాయి. సినీబెంచ్ ఒక్కటే నడిపి సరిపెట్టుకోవద్దు, స్లీప్ నుంచి లేపి కూడా చూడండి. రీస్టార్ట్ చేస్తే సెట్టింగ్ పోతుంది, అదే మనకి రక్ష. కొన్ని రోజులు ఇబ్బంది లేకుండా నడిచాకే ఆటో స్టార్ట్ పెట్టండి.

2. టర్బో బూస్ట్ స్విచర్

వోల్టేజ్ జోలికి పోకుండా టర్బోని ఆపేస్తుంది. వేడి బాగా తగ్గుతుంది, పీక్ స్పీడ్ కూడా తగ్గుతుంది. ఫ్రీ వెర్షన్‌లో మనమే మెనూ బార్ నుంచి ఆన్, ఆఫ్ చేసుకోవాలి. బ్రౌజింగ్, కోడింగ్, క్లాసులకి ఇది చాలు.

3. థ్రాటిల్‌స్టాప్

బూట్ క్యాంప్‌లో విండోస్ వాడేవాళ్లకి ఇది ఉచితం. విండోస్‌లో పెట్టిన సెట్టింగ్ మ్యాక్‌ఓఎస్‌కి వర్తించదు.

ఏ టూల్‌కీ లొంగకపోతే?

2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. వోల్టేజ్‌ని మార్చి, ప్రాసెసర్‌లోని సురక్షిత భాగం నుంచి రహస్యాలు లాగొచ్చని రీసెర్చర్లు చూపించారు. ఆ తర్వాత చాలా ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్ ద్వారా వోల్టేజ్ కంట్రోల్‌ని లాక్ చేశారు. మీది లాక్ అయి ఉంటే ఎంత డబ్బు పెట్టి ఏ యాప్ కొన్నా లాభం లేదు. ముందు ఫ్రీ టూల్‌తో చెక్ చేసుకోమనేది అందుకే. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లకి ఇవేవీ పనిచేయవు.

నా సలహా

ఎడిటింగ్‌కి మాత్రమే వాడే మెషీన్ అయితే వోల్టేజ్‌షిఫ్ట్. బ్యాంకింగ్, ఆఫీస్ పనులు చేసే ల్యాప్‌టాప్ అయితే సెక్యూరిటీని సడలించొద్దు, టర్బో ఆపుకోండి చాలు. ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్‌ఓఎస్ 26 టాహోనే చివరి వెర్షన్ అని ఆపిల్ చెప్పేసింది కాబట్టి, వీటి కోసం మళ్లీ డబ్బులు ఖర్చు పెట్టకండి. ఆ డబ్బుతో ఫ్యాన్ దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.