ఫొటోలు దాచుకునే పెట్టె: ఏ డ్రైవు కొనాలి?



ఉగాది సంచిక అనగానే కవితలు, కథలు, పండుగ ముచ్చట్లు రాసేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రచయితను కాను. బనియాస్‌లో కాపురం, ముసఫ్ఫాలో ఉద్యోగం. కాకపోతే సంఘం కార్యక్రమాలకు ఫొటోలు తీసే పని చాలా ఏళ్ళుగా నా మెడకే పడింది. అందుచేత ప్రతి పండుగ మర్నాడు ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నయ్యగారూ, ఫోను నిండిపోయింది. ఫొటోలు దాచుకోవడానికి ఏ డ్రైవు కొనమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి ఇక్కడ చెబుదామని ఈ ప్రయత్నం. ముందుగా నా సొంత కథ విన్నవించుకుంటాను.

2015 జులైలో గోదావరి పుష్కరాలకు మా కుటుంబమంతా కొవ్వూరులో కలిశాం. గోష్పాద క్షేత్రం దగ్గర నాన్నగారు మా తాతయ్యకు, నాయనమ్మకు పిండప్రదానం చేశారు. తడి పంచెతో, చేతిలో దర్భతో గోదారి వైపు తిరిగి నిలబడిన ఆయన్ని ఫొటో తీశాను. అన్నీ కలిపి ఆరువందల పైచిలుకు ఫొటోలు. కార్డు నిండినప్పుడల్లా జేబులో పట్టే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డు చెరిపేసి మళ్ళీ వాడుకున్నాను. బ్యాకప్ ఉంది కదా అని ధీమా!

2018లో నాన్నగారు కాలం చేశారు. మరుసటి ఏడు సాంవత్సరికానికి ఆ గోదారి ఒడ్డు ఫొటోను పెద్దది చేయించి ఊరికి పంపుదామని, బనియాస్‌లో మా ఫ్లాటులో డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించి మంచం మీద పెట్టుకుని చూస్తున్నాను. మా చిన్నవాడి కాలికి తీగ తగిలి డిస్కు నేల మీద పడింది. పడింది రెండడుగుల ఎత్తు నుంచే. ఆ తరువాత దానిలోంచి టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. వాడి మీద గట్టిగా కేకలేశాను. తప్పు నాదేనని తెలియడానికి కొంత కాలం పట్టింది.

తిరిగే డిస్కు

హార్డ్ డిస్కు పాత గ్రామఫోను వంటిది. లోపల నున్నటి పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి. జేబు డిస్కులలో చాలావాటిలో ఆ పళ్ళెం నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. దాని మీద రాసే, చదివే ముల్లు మాత్రం గ్రామఫోను ముల్లులా పళ్ళేన్ని తాకదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరుగుతున్నప్పుడు దెబ్బ తగిలితే ముల్లు పళ్ళేన్ని గీరుతుంది. ఆగి ఉన్నప్పుడు ముల్లు పక్కకు వెళ్ళి కూర్చుంటుంది కాబట్టి చాలా ఎక్కువ దెబ్బనే ఓర్చుకుంటుంది. నా డిస్కు సంచిలో ఉండగా పడి ఉంటే బహుశా బతికేదే.

1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 50 పళ్ళేలున్నా, పట్టింది సుమారు 50 లక్షల అక్షరాలే. ఇవాళ్టి ఫొటో ఒక్కటి కూడా దానిలో ఇమడకపోవచ్చు! 1999లో అదే సంస్థ అంగుళం పళ్ళెంతో కెమెరాలోనే ఇమిడే మైక్రోడ్రైవు తెచ్చింది. 2004లో వచ్చిన ఎప్సన్ పి-2000 వంటి పెట్టెలలో కంప్యూటరు లేకుండానే కార్డు దూర్చి 40 గిగాబైట్ల డిస్కులోకి ఫొటోలు ఎక్కించేవారు. ఊళ్ళు తిరిగే ఫొటోగ్రాఫర్లకు అవి ప్రాణం. వాటి లోపలా తిరిగే పళ్ళెమే.

తిరగని డ్రైవు

రెండో రకం ఎస్.ఎస్.డి. దీనిలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలం. చిన్న చిన్న గదులలో విద్యుదావేశాన్ని బంధించి సమాచారం నిలుపుతుంది. పిల్లల చేతిలోంచి జారిపడినా చాలావరకు ఏమీ కాదు. కరెంటు తక్కువ తాగుతుంది. ఫోనుకు నేరుగా తగిలిస్తే హార్డ్ డిస్కు చాలాసార్లు శక్తి చాలక మొరాయిస్తుంది, ఎస్.ఎస్.డి. పనిచేస్తుంది. 2016లో కార్డు దూర్చే సదుపాయంతో వైర్‌లెస్ హార్డ్ డిస్కు తెచ్చిన వెస్టర్న్ డిజిటల్ సంస్థే 2018లో అదే పెట్టెను ఎస్.ఎస్.డి.తో తెచ్చింది. ఇలా ప్రయాణాల పెట్టెలలోంచి తిరిగే పళ్ళెం మెల్లగా తప్పుకుంటోంది.

వేగం మాటకొస్తే, దుకాణంవాడు సెకనుకు వెయ్యి మెగాబైట్లని ఊరిస్తాడు. కాని మన మామూలు కెమెరా కార్డు నుంచి సెకనుకు 90 మెగాబైట్లు వస్తే గొప్ప. 64 గిగాబైట్ల కార్డు ఖాళీ కావడానికి ఎంత ఖరీదైన డ్రైవు తగిలించినా సుమారు 12 నిమిషాలు పడుతుంది. సన్నని కుళాయి కింద పెద్ద బిందె పెడితే నీళ్ళు వేగంగా రావు కదా! ఫొటోల కోసమే అయితే అతివేగానికి డబ్బు పోయనక్కరలేదు.

మన ఎండల మాట

పెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి. జేబు హార్డ్ డిస్కులలో చాలావాటికి 35 డిగ్రీల లోపు వాడమని రాసి ఉంటుంది. మన బనియాస్‌లో జులై మధ్యాహ్నం 45 దాటడం విశేషమేమీ కాదు. బవాబత్ అల్ షర్క్ మాల్ బయట ఎండలో కారు నిలిపి గంట తరువాత తలుపు తీసి చూడండి, స్టీరింగు పట్టుకోలేం. కారులో ఏ డ్రైవూ వదలవద్దు.

ఎస్.ఎస్.డి.కి వేడితో ఇంకో చిక్కు ఉంది. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి ఉంచితే గదులలోని ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ కారడం త్వరపడుతుంది. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం, మామూలు వాడకపు ఎస్.ఎస్.డి. రాతల ఆయుష్షు మొత్తం అరిగిపోయాక కూడా 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారం నిలపాలి. కొత్తది అంతకన్నా చాలా కాలం నిలుపుతుంది. అయినా ఊళ్ళో తాళం వేసిన ఇంట్లో, బీరువాలో పడేసి అయిదేళ్ళు మరిచిపోవడానికి అది తగిన వస్తువు కాదు. పైగా చెడిపోయేటప్పుడు టిక్కు అని కూడా అనదు, ఉన్నట్టుండి మూగబోవచ్చు.

ఇంతకీ ఏది కొనాలి?

నాకు తెలిసింది ఇది. ప్రయాణం చేసే డ్రైవు ఎస్.ఎస్.డి. కావాలి. ఇంట్లో కూర్చునే డ్రైవు హార్డ్ డిస్కు కావచ్చు. అదే పరిమాణంలో అది చౌక కూడా. సెలవుకు ఊరికి వెళ్ళేటప్పుడు ఎస్.ఎస్.డి. చేతి సంచిలో పెట్టుకోండి. తిరిగి రాగానే ఇంట్లో హార్డ్ డిస్కులోకి ఎక్కించి, అది పూర్తిగా ఆగాక తీగ తీసి, చల్లని అలమరలో పెట్టండి. మూడో ప్రతి ఊళ్ళో అన్నదమ్ముల దగ్గరో, ఇంటర్నెట్‌లోనో ఉండాలి. ఏడాదికి ఒకసారి, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడే అనుకోండి, అన్ని డ్రైవులూ తగిలించి నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. నమ్మశక్యం కాని చౌకకు 16 టెరాబైట్లు అంటూ అమ్మేవాటి జోలికి పోవద్దు. చాలావాటి లోపల ఉండేది ఒక చిన్న కార్డే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కార్డు చెరిపేసిన క్షణం నుంచి డ్రైవులో ఉన్నది బ్యాకప్ కాదు, అదే అసలు. రెండో చోట ప్రతి లేనిదే కార్డు చెరపకండి. నేను చేసిన తప్పు డిస్కు కింద పడేసుకోవడం ఒక్కటే కాదు. నాలుగేళ్ళ పాటు ఒకే ఒక్క ప్రతిని బ్యాకప్ అని పిలుచుకోవడం.

ఆ డిస్కును రికవరీ చేసే ఒక చోట ఇస్తే నెల జీతంలో సగం ఖర్చయింది. నాలుగువందల చిల్లర ఫొటోలు వచ్చాయి. గోదారి ఒడ్డున నాన్నగారి ఫొటో వాటిలో లేదు. అదృష్టవశాత్తు ఆ రోజే నేను దాన్ని వాట్సాప్‌లో అన్నయ్యకు పంపాను. చిన్నదైపోయిన ఆ ప్రతి ఒక్కటే మిగిలింది. పెద్దది చేయిస్తే ముఖం చెదిరిపోయింది. అందుకని పోస్టుకార్డంతే అచ్చు వేయించి, బనియాస్‌లో మా హాలులో పెట్టుకున్నాం. దగ్గరికి వెళ్ళి చూడాలి, అంతే.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఈసారి పిండప్రదానం చేయవలసింది అన్నయ్య, నేను. ఫొటోలు తీసే పని మా చిన్నవాడిది. వాడికి ఎస్.ఎస్.డి. ఇప్పుడే కొనిచ్చాను, రెండో ప్రతి సంగతీ చెప్పాను.

మీ అందరి ఇళ్ళలోని ఫొటోలు మీ మనుమల దాకా చేరాలని కోరుకుంటూ, ఉగాది శుభాకాంక్షలతో సెలవు.