ఒకే పుటపై నాలుగు లిపులు

మన షోలాపూరు తూర్పు భాగమున, అశోక్‌చౌక్ పరిసరముల పేటలలో ఒక్కమారు నడచి చూచిన చాలును. దుకాణముల పలకలపై మరాఠీ, ఆంగ్లము, తెలుగు కనబడును. కర్ణాటకము పొరుగుననే యుండుటచే కన్నడమును మనకు దూరము కాదు. మన పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కార్యాలయములలో ఆంగ్లము పలుకుచున్నాడు. నోటికి ఇన్ని భాషలు బరువు కాలేదు. కాని కంప్యూటరు ముందు కూర్చున్నంతనే తెలుగు ఒక్కటియే వెనుకబడుచున్నది. "తెలుగు కొట్టడం రాదు సార్, ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తాను" అను మాట మేము నిత్యము వినుచున్నాము. ఇది శక్తి లేకపోవుట కాదు, తెలియకపోవుటయే. ఆ తెలియని సంగతులను విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు విశదపరచుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

రెండేండ్ల క్రిందట మా పాఠశాల పాత వార్షిక సంచిక నొకదానిని మరల ముద్రింపదలచితిమి. మన పేటలలోని ముసలమ్మలు మగ్గముల వద్ద పాడుకొన్న పాటలను ఆనాటి విద్యార్థులు సేకరించి అందు ప్రకటించి యుండిరి. పాడినవారిలో పెక్కురు నేడు లేరు. ముద్రిత ప్రతి చెదల పాలయ్యెను. బీరువాలో దొరకిన సి.డి.ని తెరువగా రెండు ఫైళ్లు కనబడెను. మొదటి దానియందు అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. రెండవ దానియందు పుట నిండ ప్రశ్నార్థకములు. రెండును పాడైనవని మేము నిరాశ పడితిమి. అది సగము మాత్రమే నిజమని తరువాత తెలిసినది.

సంఖ్య వేఱు, రూపము వేఱు

మన వృత్తి నుండియే ఒక పోలిక తీసికొందము. చద్దరుపై పువ్వు పడుటకు జకార్డు మగ్గమునకు రంధ్రములు పొడిచిన అట్టలు కట్టుదురు. ఏ వరుసలో ఏ పోగు లేవవలెనో అట్ట చెప్పును. ఆ పోగు ఎఱ్ఱనిదో, నీలిదో అట్టకు పట్టదు. రంగు మారినను పువ్వు మారదు. కంప్యూటరులోని అక్షరమును అట్టిదే. దానికి యంత్రము లోపల ఒక సంఖ్య గలదు, అది అట్ట. ఆ సంఖ్యకు తెరపై రూపము నిచ్చునది ఫాంటు, అది నూలు.

ప్రపంచ భాషల లిపులన్నిటికి ఇట్లు సంఖ్యలు కేటాయించిన ప్రమాణమునకు యూనికోడ్ అని పేరు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడినది. భారతీయ లిపుల అమరికకు అంతకు ముందే మన దేశమున ఏర్పడిన 'ఇస్కీ' ప్రమాణము ఆధారమైనది. అందుచే మన లిపులన్నియు ఒకే నమూనా ఇండ్ల వరుస వలె నున్నవి. దేవనాగరికి 2304 నుండి, తెలుగునకు 3072 నుండి, కన్నడమునకు 3200 నుండి ఒక్కొక్క దానికి 128 గదులు. 'క' అను అక్షరము దేవనాగరిలో 2325, తెలుగులో 3093, కన్నడములో 3221. మొదటి గది సంఖ్యను తీసివేసి చూడుడు. మూడింటను 21 మిగులును.

యూనికోడ్ వాడుకలోనికి రాకముందు డి.టి.పి. పనికి వాడిన ఫాంట్లలో ఈ ఏర్పాటు లేదు. ఆంగ్లాక్షరముల గదులలోనే తెలుగు తలకట్టులను, గుడులను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. ఫాంటు పోయిన యెడల అద్దె ఇంటి అసలు యజమానులైన ఆంగ్లాక్షరములు బయటపడును.

మూడు వ్యాధులు, మూడు చికిత్సలు

కావున తెరపై తెలుగు చెడి కనబడినప్పుడు తొందరపడి ఫైలును తుడిచివేయరాదు. ముందు వ్యాధిని గుర్తింపవలెను.

ఒకటి: అక్షరముల స్థానమున ఖాళీ డబ్బాలు కనబడుట. ఇట్టిచోట సాధారణముగా సంఖ్యలు క్షేమము. తెలుగు ఫాంటు మాత్రము లేదు. దానిని చేర్చిన చాలును.

రెండు: వింత గుర్తులు తగిలిన ఆంగ్లాక్షరములు కనబడుట. అది పాత ఫాంటుతో కొట్టినదై యుండును. లేదా యూనికోడ్ ఫైలును ఎడిటరు వేఱొక పద్ధతిగా భావించి చదువుచుండును. రెండవది యైనచో ఎన్‌కోడింగ్ అనుచోట 'యు.టి.ఎఫ్-8' అని ఎంచి మరల తెరువవలెను. మొదటిది యైనచో ఆ ఫాంటునకు తగిన మార్పిడి సాధనము కావలెను.

మూడు: ప్రశ్నార్థకములు. తెలుగునకు చోటు లేని పద్ధతిలో దాచుటచే అక్షరముల సంఖ్యలే పోయి, వాని స్థానమున ప్రశ్నార్థకపు సంఖ్య చేరినది. దీనికి మందు లేదు. విండోసులోని నోట్‌ప్యాడ్ పూర్వము 'ఆన్సీ' అను అట్టి పద్ధతిలోనే తనంతట దాచెడిది. హెచ్చరికను చదువక 'ఓకే' నొక్కినవారు తమ వ్రాతను పోగొట్టుకొనిరి. 2019 మే నెలలో వచ్చిన విండోసు 10 కూర్పు నుండి అది యు.టి.ఎఫ్-8లోనే దాచుచున్నది. పాత కంప్యూటర్ల యందు మాత్రము ఈ ఎన్నిక మనమే చేయవలెను.

అక్షరపు కూర్పు

'పద్మ' అను మాట కంటికి రెండక్షరములు. కంప్యూటరు లెక్కకు 'ప', 'ద', పొల్లు, 'మ' అను నాలుగు సంఖ్యలు, యు.టి.ఎఫ్-8లో దాచుటకు ఒక్కొక్క దానికి మూడేసి చొప్పున 12 బైట్లు. దరఖాస్తులలో "20 అక్షరములకు మించరాదు" అన్నప్పుడు తెలుగు పేరు ముందుగానే నిండిపోవుటకు ఇదియే కారణము.

పొల్లు తరువాత హల్లు వచ్చినచో యంత్రము ఒత్తుగా కలుపును. మరాఠీ, ఆంగ్ల పదములు హల్లుతో ముగియుట మెండగుటచే మనకు చిక్కు వచ్చుచున్నది. మన ఊరి పేరునే చూడుడు: తోచినట్లు కొట్టిన 'షోలాపూర్లో' అగును, మనము కోరునది 'షోలాపూర్‌లో'. ఈ రెంటి నడుమ కంటికి కనబడని ఒక విభజక చిహ్నము గలదు. దానిని జడ్.డబ్ల్యూ.ఎన్.జె. అందురు. వెదకునపుడు ఈ రెండును వేఱు మాటలుగనే యంత్రమునకు తోచవచ్చును గాన, ఒక సంచిక యంతటను ఒకే విధమున వ్రాయుట మేలు.

మన లిపి కూర్పు ఎంత సూక్ష్మమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. 'జ్ఞా' అను అక్షరము పై చిహ్నముతో కూడి వచ్చినంతనే ఐఫోనులలో ఆప్‌లు మూతపడినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణను విడుదల చేసినది. దోషము యంత్రపు కూర్పరులది, అక్షరముది కాదు.

ఒకే వ్రేలు, మూడు లిపులు

ఆంగ్లములో 'అమ్మ' అని కొట్టి తెలుగు రాబట్టు పద్ధతి సులభమే. కాని బహుభాషలు వ్రాయు మన విద్యార్థులకు 'ఇన్‌స్క్రిప్ట్' అను మీటల అమరికను మేము సిఫారసు చేయుచున్నాము. ఎడమచేతి క్రింద అచ్చులు, గుణింతపు గుర్తులు; కుడిచేతి క్రింద ముఖ్యమైన హల్లులు. లిపి ఏదైనను ధ్వనికి మీట ఒక్కటియే. హెచ్, ఓ, డి, సి అను నాలుగు మీటలు వరుసగా నొక్కిన 'పద్మ' వచ్చును. అమరికను మరాఠీకి మార్చి అవే మీటలు నొక్కిన దేవనాగరిలో అదే మాట వచ్చును. కన్నడమునకు మార్చిన కన్నడములో వచ్చును. ఒక విద్య నేర్చి మూడు లిపులు వ్రాయవచ్చును. విండోసులో అమరికలను ముందుగా చేర్చుకొన్న పిమ్మట, విండోస్ మీటతో స్పేస్ మీటను కలిపి నొక్కిన ఒక దానినుండి వేఱొక దానికి మారవచ్చును.

పుటపై లిపులు కలిసినప్పుడు తెలుగు ఒత్తులు క్రిందికి దిగుటచే పంక్తుల నడుమ ఎడము చాలదు, కొంత పెంచవలెను. నోటో వంటి ఒకే కుటుంబపు తెలుగు, దేవనాగరి ఫాంట్లను వాడిన పుట ఒద్దికగా నుండును.

పేరులోని హ్రస్వము

ఒక లిపినుండి మఱియొక లిపికి యంత్రముచే మార్చుట సులభమైనను ఒక జాగ్రత్త అవసరము. మరాఠీ వ్రాతలో ఎ, ఏ లకును, ఒ, ఓ లకును భేదము లేదు. 'కొండ' అను ఇంటిపేరు మరాఠీ రిజిస్టరులో చేరి, అందుండి తెలుగునకు తిరిగి వచ్చునప్పటికి 'కోండా' యగుచున్నది. ఆంగ్లమునందును ఈ భేదము దక్కదు. కావున పాఠశాల జాబితాలలో పిల్లల పేర్లను మొదట తెలుగున కొట్టి, అందుండియే తక్కిన లిపులకు మార్చవలెను. తాత పేరును మనుమడు సరిగా పలుకుట దీనిపై ఆధారపడి యున్నది.

ఇక మా సి.డి. సంగతి. మొదటి ఫైలు పాత ఫాంటుతో కొట్టినదని తేలెను. మార్పిడి చేయగా తప్పులతోనైనను తెలుగు బయటపడెను. ఒత్తులు తప్పినచోట్ల మా విద్యార్థులు ఇండ్లలోని పెద్దలను అడిగి దిద్దిరి. పాటలు నిలిచినవి. రెండవ ఫైలులో ఆ పాటలు పాడిన స్త్రీల పేర్లుండెను. అవి ప్రశ్నార్థకములై మిగిలిపోయినవి. ఆ పేర్లు చెప్పగలవారి కొఱకు నేటికిని పేటలలో విచారించుచున్నాము. పాఠకులలో ఎవరికైనను జ్ఞాపకమున్నచో పాఠశాలకు తెలుపుడు. ఈమారు వానిని యూనికోడ్‌లో కొట్టి, యు.టి.ఎఫ్-8లో దాచెదము.