స్కాన్ ఇక్కడ.. రిపోర్టు ఎక్కడ?

పీహెచ్‌సీలో తీసిన రక్తం నమూనా జగిత్యాల, సిరిసిల్లలోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలకు వెళ్లడం 2021 నుంచి చూస్తున్నదే. ఇప్పుడు స్కాన్ చిత్రాలూ అలాగే ప్రయాణిస్తున్నాయి. చిన్న పట్టణాల్లో సీటీ తీసేది టెక్నీషియన్. దాన్ని చదివే రేడియాలజిస్టు చాలాసార్లు వేరే ఊళ్లో ఉంటారు. ఇదే టెలీరేడియాలజీ. అర్ధరాత్రి తలకు దెబ్బ తగిలితే ఇది వరమే! కానీ దూరాన ఉన్న డాక్టర్‌కు మీ బాధ కనిపించదు. అందుకే నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏ ఆపరేషన్లు అయ్యాయో సెంటర్లో రాయించండి. పాత ఫిల్ములు, రిపోర్టులు ఇవ్వండి. రిపోర్టు కింద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూసుకోండి.

అల్ట్రాసౌండ్ సంగతి వేరు. పొట్టమీద ప్రోబ్ కదుపుతూ తెరమీద చూస్తూనే తేల్చాలి. అక్కడ డాక్టర్ ఎదుట ఉండాల్సిందే. లేకపోతే అడగండి.