ఆరోగ్య శాఖ లెక్కలో మగ్గపు నొప్పులు

సంఘము ఇండెంటు పంపనిదే నూలు రాదు. ఆరోగ్య శాఖలోను అంతే. ఒక పేటకు ఏ వైద్యము అవసరమో వారు ఆస్పత్రి ఓ.పి. పుస్తకమును చూచి కొంత, ఇంటింటికి తిరిగి అడిగి కొంత తెలిసికొందురు. మనము చెప్పనిది, చూపించుకొననిది వారి లెక్కకు రాదు.

30 ఏండ్లు నిండిన ప్రతివారికి ఆశా కార్యకర్త ఒక ఫారము నింపును. వయస్సు, పొగాకు, మద్యము, నడుము కొలత, వ్యాయామము, కుటుంబములోని బి.పి., షుగరు, గుండెజబ్బులు, వీటికి మార్కులు వేయుదురు. మొత్తము 4 దాటినవారిని పరీక్షలకు ముందుగా పిలుతురు. 2 వారములు దాటిన దగ్గు, ఆయాసము, చూపు మసక ఉన్నవా అని విడిగా అడుగుదురు. పొగలో, దుమ్ములో పనిచేయుటను గురించియు ఒక ప్రశ్న కలదు.

ఇటీవల ఆమె మా వీధికి వచ్చినపుడు మేమును వెంట ఉంటిమి. గుంట మగ్గము నేయు పెద్దాయన ఒకరు "మాకేమి జబ్బమ్మా, బాగానే ఉన్నాము" అనిరి. ఆమె వెళ్ళిన పిమ్మట గోడ పట్టుకొని గాని లేవలేకపోయిరి. ఏమి అని అడిగితిమి. "ఇది జబ్బా సెక్రటరీగారూ, మగ్గపు నొప్పి గదా!" అనిరి. ఎన్నో ఏండ్ల నొప్పి ఆ దినము కాగితమునకు ఎక్కలేదు.

భాష మరియొక చిక్కు. షోలాపూరులో మరాఠీ, కంచిలో తమిళము, బరంపురములో ఒడియా. అడిగిన ప్రశ్నకు మన ముసలమ్మ తెలుగులో జవాబు వెదకుకొనులోపల పేజీ తిరిగిపోవును.

కాన సభ్యులకు మా మనవి. పని అడిగినపుడు "కూలి" అనక "నేత" అని, ఎన్ని ఏండ్లనుండి, దినమునకు ఎన్ని గంటలు కూర్చుందురో చెప్పవలెను. మోకాలు, నడుము, కన్ను, ఊపిరి బాధలను అడుగకున్నను చెప్పి, కేంద్రమునకు పోయి ఓ.పి. పుస్తకమున వ్రాయించవలెను. స్థానిక భాష వచ్చిన పిల్లవానినో పిల్లనో పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టవలెను. పట్టణములలో 50 నుండి 100 ఇండ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి, గ్రామములలో ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఉండవలెనని నియమము. వాటిలో మన ఆడపడుచు ఒకరైనను ఉండునట్లు చూడవలెను.

మా సంఘములో మగ్గము వారీగా ఈ బాధలను ఒక నోటు పుస్తకములో వ్రాయుచున్నాము. పూర్తికాగానే ఆరోగ్య కేంద్రమునకు అందజేయుదుము. తక్కిన సంఘములును ఇట్లే చేసినచో మగ్గపు నొప్పి కూడ లెక్కకు వచ్చును.