జపాన్ పచ్చ తేయాకు: నీటి వేడి తప్పితే మేలు సరకూ చేదే

పాలలో టీ పొడి వేసి మరగకాచే అలవాటున్న చోట జపాన్ పచ్చ తేయాకు అమ్మదలచిన వర్తకునికి ధర కంటే ముందు ఎదురయ్యే చిక్కు నీటి వేడి. సలసల కాగే నీళ్లు పోస్తే ఎంత ఖరీదైన ఆకైనా చేదెక్కుతుంది. కొన్నవారు నీటిని తప్పుపట్టరు, సరకునే తప్పుపడతారు. మళ్లీ ఆ దుకాణం గడప తొక్కరు.

ఈ సరకు ఇప్పుడు చౌక కూడా కాదు. 2024లో జపాన్ పచ్చ తేయాకు ఎగుమతుల విలువ సుమారు 3,640 కోట్ల యెన్‌లకు చేరింది. అందులో సగానికి పైగా మాచా వంటి పొడి రకాలే. మాచాకు గిరాకీ పెరగడంతో కొందరు రైతులు సెంచా తగ్గించి, మాచాకు ముడి సరకైన తెంచా వైపు మళ్లారు. ఫలితంగా విడి ఆకుపైనా ఒత్తిడి పడింది. అదే ఏడు కగోషిమా 27,000 టన్నుల ముడి తేయాకుతో షిజువోకాను తొలిసారి దాటింది. షిజువోకా దిగుబడి 25,800 టన్నులు.

రకాలు

జపాన్‌లో కోసిన ఆకును వెంటనే ఆవిరిపై ఉడికిస్తారు. దానితో ఆకు పులియకుండా ఆగి పచ్చదనం నిలుస్తుంది. ఎండలో పెరిగిన ఆకు సెంచా. కోతకు ముందు సుమారు 20 రోజులు నీడ కట్టి పెంచినది గ్యోకురో. ముదురు ఆకు బంచా. వేయించినది హోజిచా. వేయించిన బియ్యం కలిపినది గెన్మైచా. ఏప్రిల్, మే నెలల తొలి కోతకే మేలు ధర పలుకుతుంది.

ఎక్కువ సేపు ఆవిరి పట్టిన సెంచాలో నలిగిన ఆకు ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని నాసి డస్టుగా భావించి తోసిపుచ్చరాదు. అది తయారీ పద్ధతి వల్ల వచ్చినదే. రసం చిక్కగా దిగుతుంది. అయితే నానబెట్టే సమయం తగ్గించాలి.

కాచే విధానం

కమ్మదనాన్నిచ్చే థియనిన్ తక్కువ వేడిలోనూ దిగుతుంది. వగరునిచ్చే కాటెకిన్‌లు, చేదునిచ్చే కెఫీన్ వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. కిటుకంతా ఇక్కడే ఉంది.

సెంచాకు ఇద్దరికి 4 గ్రాముల ఆకు, 70 నుంచి 80 డిగ్రీల నీరు, ఒక నిమిషం చాలు. థర్మామీటరు లేకున్నా ఇబ్బంది లేదు. కాగిన నీటిని ఒక పాత్ర నుంచి మరో చల్లని పాత్రలోకి మార్చినప్పుడల్లా వేడి దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. గ్యోకురోకు 50 నుంచి 60 డిగ్రీల నీరు కొద్దిగా పోసి రెండు నిమిషాలకు పైగా ఉంచాలి. బంచా, హోజిచా, గెన్మైచాలకు కాగే నీరు పోసి అర నిమిషంలో వంచవచ్చు.

కప్పులలో కొంచెం కొంచెంగా మార్చి మార్చి పోస్తే అన్నింటా ఒకే చిక్కదనం వస్తుంది. చివరి చుక్క వరకూ వంచాలి. నీరు మిగిలితే రెండో విడత చేదవుతుంది. మంచి ఆకు రెండు, మూడు విడతలు పనికి వస్తుంది.

మచ్చు పరీక్ష

జపాన్ టీ పరీక్షకులు మాత్రం తెల్ల పింగాణీ గిన్నెలో 3 గ్రాముల ఆకు వేసి, కావాలనే కాగే నీరు పోస్తారు. సరకులోని లోపాలు దాగకుండా బయటపడాలన్నది ఉద్దేశం. కొనేటప్పుడు వర్తకుడు కాగే నీటితో చూడాలి, అమ్మేటప్పుడు చల్లార్చిన నీటితో రుచి చూపాలి.

నిల్వలో తేమ, వెలుతురు, పరాయి వాసనలు ఈ సరకుకు శత్రువులు. మసాలా దినుసుల పక్కన ఉంచరాదు. శీతల గిడ్డంగి నుంచి తీసిన పొట్లాన్ని గది వేడికి వచ్చాకే విప్పాలి, లేకుంటే ఆకుకు చెమ్మ పడుతుంది. ప్రతి పొట్లంపై నీటి వేడి, ఆకు తూకం, సమయం తెలుగులో అచ్చువేయించడానికయ్యే ఖర్చు స్వల్పమే. తిరిగి వచ్చే సరకు నష్టంతో పోల్చితే అది లెక్కలోకి రాదు.